నడిమి అర్రలో మూడో చుక్క

సక్రు ఇక లేడన్న కబురు నాకు మొదట తెచ్చింది ఖాజా. జనగామలో మా వీధి చివర మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే దుకాణం అతనిది. శనివారం పొద్దున పూజ ముగించి తులసికి నీళ్లు పోస్తుంటే గేటు దాకా వచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు.

"సక్రు పోయిండక్కా. మానుకోట మార్కెట్ల మిర్చి బస్తా మోస్తుంటె పడిపోయిండట. మొన్నటి గురువారం గాదు, అవుతల గురువారం. నాకే నిన్న తెలిసింది."

ఎవరైనా అయ్యో అంటారు. నా నోట వచ్చిన మొదటి మాట, "ఎన్ని గంటలకు?" అని. ఖాజా నన్ను అదోలా చూశాడు. పది దాటినంక అన్నట్టు గుర్తు, సరిగ్గా తెలియదన్నాడు. నా చేతిలో చెంబు అలాగే ఉంది. నీళ్లు తులసి కోట మీంచి నా కాళ్ల మీదికి కారుతున్నాయని కాసేపటికి గాని తెలియలేదు.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను దేవుణ్ణి నమ్మే మనిషిని. దెయ్యాలను ఏనాడూ నమ్మలేదు. పల్లెలో పుట్టి పెరిగినా గాలి సోకిందంటే జ్వరం గోళీ ఇచ్చేదాన్నే గాని తాయెత్తు కట్టించలేదు. దీపం పెట్టిన ఇంట్లో చీకటికి పేర్లు పెట్టొద్దని మా మేనత్త అనేది. ఆ మాట మీదే బతికాను. ఇప్పుడు రాసేది దెయ్యం కథ అని కూడా నేను అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పేరు మీరే పెట్టుకోండి.

మాది పాత ఇల్లు. రైలు డబ్బాలాగా పొడుగ్గా, మూడు గదులు ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. రాతి గోడలు. మధ్య గదికి కిటికీ లేదు. అందులోనే దేవుడి గూడు. మా ఆయన భూపాలపల్లిలో కరెంటు ప్లాంటులో పనిచేస్తాడు, వారానికోసారి వస్తాడు. మా అమ్మాయి శ్రావణి ఒక హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. వెనుక గదిలో తలుపు వేసుకుని రోజంతా ఎవరెవరితోనో వీడియోలో మాట్లాడుతూ ఉంటుంది. ముందు గదిలో పెట్టిన వైఫై ఆ రాతి గోడలు దాటి వెనుక గదికి చేరేది కాదు. అందుకని మా ఆయన మూడు డబ్బాల మెష్ వైఫై తెప్పించాడు. దాన్ని బిగించడానికి నెట్ ఆఫీసు వాళ్లు పంపిన లైన్‌మన్ సక్రు.

బానోతు సక్రు. మానుకోట అని పిలిచే మహబూబాబాద్ దగ్గర తండా. యాభై ఏళ్లకు అటూ ఇటూ ఉంటాడు. బడికి పోలేదు. ఇరవై ఏళ్లు స్తంభాలు ఎక్కి తీగలు లాగి పని నేర్చుకున్నాడు. మెష్ అంటే ఏమిటని నేను అడిగితే నవ్వకుండా చెప్పిన మొదటి మనిషి అతను.

"చెరువుల మట్టి తీసేటప్పుడు వరుసగ నిలబడి గంపలు అందించుకుంటరు సూడు, గట్లనే. ముంగటి డబ్బ నడిమి దానికిస్తది, నడిమిది ఎనుకదానికిస్తది. నడిమి మనిషి పక్కకు జరిగిండంటె గంప కింద పడ్తది. గందుకే నడిమి డబ్బ పైలం అమ్మా."

డబ్బాలకు పేర్లు పెట్టాలంటే ఫోన్‌లో ఒక్క వేలితో తెలుగులో, తన మాటలో గదిని అర్ర అని కొట్టాడు. ముంగటి అర్ర, నడిమి అర్ర, ఎనుక అర్ర. ఫోన్‌లో మూడు ఆకుపచ్చ చుక్కలు, వాటి మధ్య గీతలు. ఇల్లు బొమ్మ గీసినట్టు కనిపించింది.

"నువ్వు ఏ బడిల సదివినవమ్మా?" అని అడిగాడు వెళ్తూ.

"మా మేనత్త బడిల" అన్నాను. నిజమే. చిన్నప్పుడు జ్వరానికి కాలు సన్నబడి బడికి నడవలేకపోయాను. బచ్చన్నపేట పక్కన మా ఊళ్లో మేనత్తే అక్షరాలు దిద్దించి, పంచాంగం చూడడం, భక్తి పుస్తకాలు చదవడం నేర్పింది.

"నాది స్తంభం బడి" అన్నాడు సక్రు. "మనిద్దరి సదువుకు సర్టిఫికెట్ ఎవడియ్యాలె?"

నవ్వుకున్నాం.

అతను ఇంకొకటి చెప్పాడు. డబ్బా లోపల దాన్ని నడిపించే రాత ఒకటి ఉంటుందట, ఫర్మ్‌వేర్ అంటారు. కంపెనీ వాళ్లు అప్పుడప్పుడు కొత్తది పంపుతారు, డబ్బా దాన్ని తనంతట తానే వేసుకుంటుంది. అదే అప్‌డేట్. కొత్తది వచ్చినప్పుడల్లా ఊళ్లో తిప్పలేనట. ఫోన్ పక్కనే ఉన్న డబ్బాను వదిలి దూరపు డబ్బాను పట్టుకుని వేలాడుతుంది, మాటలు ముక్కలైపోతాయి. అందుకని బాగా నడిచే పాత రాతనే ఉంచి, అప్‌డేట్ దానంతట అది రాకుండా ఆపి వెళ్లేవాడు. ఆ పాత రాత నంబరు చివరి మూడు అంకెలు, రెండు ఒకటి నాలుగు, మా ప్రతి డబ్బా వెనుకా నల్ల పెన్నుతో రాశాడు.

"ఒకేళ ఎప్పుడన్న లైటు పసుపుపచ్చగ కొట్టుకుంటుంటె మాత్రం ముట్టొద్దు. మిషన్ సదువుకుంటుందనుకో. సదివేటప్పుడు పుస్తకం గుంజుకుంటె ఎట్లుంటది? మల్ల లేవదు."

ఈ మాట నాకు చెప్పాడు. శ్రావణికి కాదు, మా ఆయనకు కాదు. నాకు.

బతుకమ్మ రోజుల్లో ఫోన్‌లో ఏదో కనిపిస్తే శ్రావణి అప్‌డేట్ ఆన్ చేసిందట. దసరా పొద్దున తండ్రీ కూతురూ బండ్లు కడిగించడానికి పోయారు. నేను ఇంట్లో ఆయుధ పూజ మొదలుపెట్టాను. మాకు ఆ రోజు పని చేసే ప్రతి వస్తువునూ ఆపి, తుడిచి, గంధం బొట్టు పెట్టడం అలవాటు. మిక్సీ, కుట్టుమిషన్, ఇస్త్రీ పెట్టె, కత్తిపీట. డబ్బాలు కూడా పని చేసేవే కదా. అమ్మాయికి అన్నం పెట్టేవి. వాటికి బొట్టు పెట్టకపోతే ఎట్లా అనుకున్నాను.

ముందుది తీశాను, వెనుకది తీశాను. దేవుడి గది డబ్బా దగ్గరికి వస్తే లైటు పసుపుపచ్చగా కొట్టుకుంటోంది.

సక్రు మాట గుర్తు రాలేదని చెబితే అబద్ధమవుతుంది. గుర్తొచ్చింది. మంచి గడియ దాటిపోతోందని పంచాంగం చెబుతోంది. రెండు నిమిషాలకు ఏమవుతుందిలే అనుకుని వైరు పీకాను. తడి గుడ్డతో తుడిచి గంధం పెట్టాను. గంధం పలచగా ఉండి వెనక్కి కారి, వైరు గుచ్చే రంధ్రంలోకి కొంచెం పోయింది. దండం పెట్టుకుని మళ్లీ గుచ్చాను. ముందుది వెలిగింది, వెనుకది వెలిగింది. మధ్యది వెలగలేదు.

ఆ సాయంత్రం నేనేమీ చెప్పలేదు. పండుగ పూట ఎందుకులే అనుకున్నాను. మర్నాడు శ్రావణి పనికి కూర్చుంటే మాట తెగిపోవడం మొదలైంది. మూడో రోజు సక్రు వచ్చాడు.

ఆ అరగంట నాకు పూసగుచ్చినట్టు గుర్తుంది. సక్రు డబ్బా తిరగేసి చూస్తున్నాడు. శ్రావణి ఫోన్ స్పీకర్‌లో పెట్టింది, భూపాలపల్లి నుంచి మా ఆయన మాట్లాడుతున్నాడు. నేను నీళ్ల గ్లాసు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

"దాని ఆయుష్షు అయిపోయింది బిడ్డా" అన్నాడు సక్రు.

"ఆర్నెల్లు కాలే కొని, ఆయుష్షేంది?" అంది శ్రావణి. "నువ్వే పాత వెర్షన్ ఎక్కియ్యబోయి ఖరాబు చేసినవ్. ఎన్ని ఇండ్లల్ల చేసినవో మా ఫ్రెండ్స్ చెప్పిన్రు."

"ఈసారి నేను ముట్టలేదు."

ఫోన్‌లో మా ఆయన గొంతు నన్ను అడిగింది. "నువ్వేమన్న ముట్టినవా?"

"లేదు" అన్నాను.

అప్పుడు సక్రు బొటనవేలు ఆ రంధ్రం మీద ఉంది. వేలు తీసి చూసుకున్నాడు. ఎండిన గంధం పొడి అంటుకుని ఉంది. నా వైపు చూడలేదు. భుజం మీది తువ్వాలతో వేలు తుడుచుకున్నాడు, రంధ్రం కూడా తుడిచాడు, నిదానంగా, ఇత్తడి సామాను తోమినట్టు. వైరు ఉన్న అడాప్టర్ మాత్రం తీసుకుని, "దీన్ని పరీక్ష చేసి తెస్త" అని వెళ్లిపోయాడు. నేను పట్టుకున్న నీళ్లు అతను తాగలేదు.

మా ఆయన ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఆ మనిషిని మళ్లీ మా ఇంటికి పంపొద్దన్నాడు. ఆఫీసు యజమానికి సక్రు పాత రాతలు ఎక్కించే అలవాటు ముందే నచ్చదు. కంపెనీ డబ్బాలను సొంత తెలివితో కెలికే లైన్‌మన్ నాకొద్దని పనిలోంచి తీసేశాడు. ఫిర్యాదుల పుస్తకంలో మా ఇంటి నంబరుకు ఎదురుగా 'లైన్‌మన్ తప్పు' అని రాశారు. జనగామలో ఇంకో ఆఫీసు అతన్ని తీసుకోలేదు. ఊరు చిన్నది, మాట పెద్దది.

ఇదంతా నాకు ఖాజా ద్వారా ఎప్పటికప్పుడు తెలుస్తూనే ఉంది. సక్రు అతని దుకాణంలో చాయ్ తాగేవాడు. "డబ్బ ఖరాబు చేసినోడు అన్న పేరొక్కటి పోతె మల్ల పని దొరుకుతదక్కా, గదొక్కటే ఆయన పరేషాన్" అని ఖాజా ఒకసారి నాతోనే అన్నాడు. ఆ పేరు తీసేయడానికి నా నోటి మాట ఒక్కటి చాలు. ఆఫీసు మా ఇంటి నుంచి నాలుగు వందల అడుగుల దూరం లేదు.

ఎందుకు చెప్పలేదంటే, రాయడానికి సిగ్గుగా ఉంది గాని రాస్తాను. "అమ్మా, నువ్వు ముట్టకు" అన్న మాట మా ఇంట్లో రోజుకు పదిసార్లు వినిపిస్తుంది. ఫోన్ దగ్గర, టీవీ దగ్గర, గ్యాస్ బుకింగ్ దగ్గర. బడికి పోని చేతులు చెడగొడతాయని వాళ్లకో నమ్మకం. అది నిజమని నా నోటితో నేనే ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది. ఇంకొకటి, దేవుడి పూజ వల్ల డబ్బా పోయిందని ఎలా చెప్పను? దేవుడి పేరు పోతుందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. నిజానికి పోతుందని భయపడింది నా పేరు.

కార్తీకమంతా దీపాలు పెట్టాను. పిల్ల ఉద్యోగానికి, మా ఆయన ఆరోగ్యానికి, నా కుంటి కాలు ఇంకా నడుస్తున్నందుకు, అన్నిటికీ దేవుడికి కృతజ్ఞత చెప్పుకున్నాను. చిన్నప్పటి నుంచి అది నా అలవాటు, దొరికిన ప్రతిదానికీ దండం పెట్టడం. సక్రు పేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వత్తి సవరించడమో, ప్రసాదం మూత తీయడమో ఏదో ఒక పని తగిలేది.

చచ్చిన డబ్బాను పారేయలేకపోయాను. దేవుడి గూటి పక్కన గుడ్డ మీద పెట్టాను. దానికి అడాప్టర్ లేదు. సక్రు తీసుకుపోయింది తిరిగి తేలేదు. ఇది గుర్తుంచుకోండి.

మిర్చి కోతల కాలం వచ్చేసరికి మిగిలిన రెండు డబ్బాలు ఇంకో అప్‌డేట్ వేసుకున్నాయి. అప్పటిదాకా ఆ రెండింటితో ఎలాగో నెట్టుకొచ్చిన నెట్ మరీ పాడైంది. శ్రావణి మాట్లాడుతుంటే అవతలి వాళ్లకు సగం సగం వినిపించేది. దాని కంపెనీ వాళ్లు గట్టిగా హెచ్చరించారు. కొత్త లైన్‌మన్ రెండుసార్లు వచ్చి డబ్బాలు అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, డబ్బాల కంపెనీ నుంచి ఇంకో అప్‌డేట్ వచ్చేదాకా ఏం చేయలేనన్నాడు. పాతది ఎక్కించరాదా అని శ్రావణి అడిగింది. అట్లా చేసినోడు ఏమైండో తెలుసు గదా అన్నాడు.

ఆ తరువాత ఒక గురువారం. ఎండ అప్పుడే పెరట్లోకి వస్తోంది. నేను బియ్యం ఏరుతున్నాను. వెనుక గది తలుపు తీసి శ్రావణి, "అమ్మా, నెట్ ఇంత మంచిగ వస్తుందేంది?" అంది. నెల రోజుల తరువాత పిల్ల ముఖంలో నవ్వు చూసి, లేచి వెళ్లి దేవుడికి దీపం పెట్టాను. మనసారా దండం పెట్టుకున్నాను.

ఈ దండం సంగతి తరువాత నన్ను ఎంత కాల్చిందో చెప్పలేను.

కాసేపటికి శ్రావణి ఫోన్ పట్టుకుని వచ్చింది. "నడిమి డబ్బ పెట్టినవా?" అని అడిగింది. లేదన్నాను. ఫోన్ చూపించింది. మూడు చుక్కలు. ముంగటి అర్ర, నడిమి అర్ర, ఎనుక అర్ర. మూడూ ఆకుపచ్చవే. ఇద్దరం మధ్య గదిలోకి వెళ్లి చూశాం. డబ్బా గుడ్డ మీద ఉంది. లైటు లేదు. వైరు లేదు. చేత్తో ముట్టుకున్నాను, చల్లగా ఉంది.

"దేవుని పక్కన పెట్టినవ్ గదా, దేవుడే నడిపిస్తుండు తియ్" అని నవ్వి, శ్రావణి ఆ చుక్కల ఫొటో వాళ్ల నాన్నకు పంపింది. ఆ ఫొటో ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. దాని మీద టైము పది నలభై ఒకటి. నెట్ బాగుపడింది పదిన్నర ప్రాంతంలో.

అది సక్రు పడిపోయిన గురువారమే. తొమ్మిది రోజుల తరువాత ఖాజా గేటు దగ్గర చెబితే తెలిసింది.

ఖాజా చెప్పి వెళ్లాక ఒక గంట ఏం చేశానో తెలియదు. తరువాత డబ్బాను గుడ్డలో చుట్టుకుని అతని దుకాణానికి వెళ్లాను. దీన్ని విప్పి చూడు, ఏమన్న ప్రాణం ఉందేమో చెప్పు అన్నాను. ఖాజా మరలు విప్పాడు. తన దగ్గరున్న అడాప్టర్ పెట్టి, తీగలు ఆనించి, మీటరుతో చూశాడు.

"మొద్దుబారిపోయిందక్కా. కరెంటు తాగుతుంది గని తెలివి లేదు. కోమాల ఉన్న మనిషి తీరు."

మళ్లీ అడాప్టర్ తీసేసి, డబ్బాను మూడు ముక్కలుగా బల్ల మీద పరిచాడు. అప్పుడు శ్రావణికి ఫోన్ చేసి చుక్కలు చూడమన్నాను. మూడు ఉన్నాయంది. నడిమి అర్ర ఆకుపచ్చగానే ఉందంది. దాని మీద నొక్కి లోపలి నంబరు చదవమన్నాను. చదివింది. చివర రెండు, ఒకటి, నాలుగు. మిగతా రెండు డబ్బాలవి కూడా అవే. అప్‌డేట్ వేసుకున్నాక అవి వేరే నంబరు చూపించేవి. సక్రు పాత రాత అది. మేమెవరం ఎక్కించలేదు. ఎలా ఎక్కించాలో మాకు తెలియదు.

ఖాజా ఆ మాటలు విన్నాడు. సూది మొనతో రంధ్రం గీకి, వాసన చూశాడు.

"దీంట్లకు గంధం ఎట్ల పోయిందక్కా?"

చెప్పాను. మొదటిసారి ఒక మనిషికి చెప్పాను. అంతా విని, మరలు ఒక్కొక్కటే మళ్లీ బిగించాడు.

"నాకెందుకు చెప్తున్నవక్కా?" అన్నాడు. "ఆఫీసు గీ రోడ్డు మీదనే ఉండె. ఐదు నెలలు తెరిచే ఉండె."

ఆదివారం మా ఆయనకు, శ్రావణికి చెప్పాను. శ్రావణి ఏడ్చింది, కోపంతోనో దుఃఖంతోనో. మా ఆయన ఫ్యాన్ వైపు చూశాడు. "డబ్బ పోతె పోయె అందును గదనే. గంతకంటె ఏమందును?" అన్నాడు. అంతే. ఏమీ అయ్యేది కాదు. అదే అన్నిటికంటే చేదు. నేను దాచినదానికి అసలు శిక్షే లేదు.

సోమవారం శ్రావణి సెలవు పెట్టి నా వెంట వచ్చింది. రైలులో మహబూబాబాద్ దిగి, ఆటోలో తండాకు వెళ్లాం. దారి పొడుగునా కళ్లాల్లో మిర్చి ఎర్రగా ఆరబోసి ఉంది. ఆటో అతను ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. నాకు ఆ ఘాటు కావాలనిపించింది.

సక్రు భార్య పేరు మంగ్లీ. గడప దగ్గర చాప వేసి కూర్చోమంది. నేను ఎవరో చెప్పబోతుంటే, "జనగామ అమ్మవు గదా" అంది. లోపలికి వెళ్లి ఒక గుడ్డ మూట తెచ్చి నా ముందు పెట్టింది. విప్పితే మా అడాప్టర్. వైరు శుభ్రంగా చుట్టి, దారంతో కట్టి ఉంది.

"ఇది మంచిగనే ఉన్నదట. ఇచ్చి రమ్మంటుండె. మీ ఇంటికి రావద్దన్నరు గదా, ఎవరితోటి పంపాలె?"

నేను తల దించుకుని, డబ్బాను చెడగొట్టింది నేనే అన్నాను. మంగ్లీ కళ్లు తుడుచుకోలేదు, గొంతు పెంచలేదు.

"తెలుసు. గంధం సంగతి ఆ దినమే చెప్పిండు."

"మరి ఆఫీసుల ఎందుకు చెప్పలేదు?" అని అడిగింది శ్రావణి.

"నేనూ గదే అడిగిన. పూజ చేసుకునే మనిషి, అబద్ధం కడుపుల పట్టదు, ఆమెనే చెప్తది సూడు అన్నడు. నేను చెప్తె ఆమె ఇంట్ల పలచనైతది అన్నడు." కొంగు మీద పడ్డ చీమను తీసేసింది. "పొద్దుమాపు ఫోన్ చార్జింగ్ పెట్టుకునేటోడు. బస్తాలు మోయ పోయినా జేబులనే ఉండేది. ఆఫీసోళ్లు పిలుస్తరు, స్విచ్చాఫ్ వస్తె ఎట్ల అనేటోడు. పడిపోయిన నాడు గుడ ఫోన్ నిండుగ ఉండె."

ఇంట్లోంచి ఇద్దరు ఆడపిల్లలు వచ్చి వాళ్ల భాషలో తల్లిని ఏదో అడిగారు. ఆమె అదే భాషలో ఏదో చెప్పింది. వాళ్లు నన్ను చూశారు. ఏమని చెప్పిందో నేను అడగలేదు. ఎన్ని గంటలకు పడిపోయాడని మాత్రం అడిగాను. మార్కెట్లో రెండో కాంటా, అదే రెండో విడత తూకం, మొదలైన యాళ్ల, పదిన్నర అంది.

మంచినీళ్లు ఇచ్చింది. మా ఇంట్లో ఆ రోజు అతను తాగకుండా వెళ్లిన నీళ్లు గుర్తొచ్చాయి. ఈ నీళ్లు వద్దనే అర్హత నాకు లేదని తాగాను.

మర్నాడు నెట్ ఆఫీసుకు వెళ్లాను. యజమాని కుర్చీ చూపించి, అంతా విని, "ఇప్పుడెందుకమ్మా? మనిషే లేకపాయె" అన్నాడు. ఫిర్యాదుల పుస్తకం ఇవ్వండి అన్నాను. అది మా ఆఫీసు పుస్తకం, మీరు రాయకూడదన్నాడు. ఆ అబద్ధం మా ఇంటిది, మీ పుస్తకంలో ఉంది, నాది నేను తీసుకుపోతాను అన్నాను. ఆయన పుస్తకం నా ముందుకు జరిపాడు. 'లైన్‌మన్ తప్పు' అన్నదాన్ని కొట్టేశాను. కింద మా మేనత్త నేర్పిన గుండ్రటి అక్షరాలతో, 'డబ్బాను చెడగొట్టింది నేను. బానోతు సక్రు తప్పు ఏమీ లేదు' అని రాసి సంతకం పెట్టాను. గోడ మీద గడియారం పన్నెండు దాటి ఐదు నిమిషాలు చూపిస్తోంది.

ఇంటికి వచ్చేసరికి శ్రావణి వాకిట్లోనే నిలబడి ఉంది. నడిమి అర్ర చుక్క పోయిందంది. బూడిద రంగులోకి మారి, తరువాత అసలు కనిపించకుండా పోయిందట. పన్నెండు గంటల మీటింగ్ మొదలైన కాసేపటికి.

నెట్ మాత్రం పోలేదు. రెండే డబ్బాలు, అవే రాతి గోడలు. ఈ రోజు వరకూ వెనుక గదిలో మాట తెగలేదు. ఆ తరువాత అప్‌డేట్ వచ్చిందని మా వీధిలో వాళ్లందరూ తిట్టుకున్నారు. మా డబ్బాలు వేసుకోలేదు. ఆ మూడు అంకెల దగ్గరే ఆగి ఉన్నాయి.

కొత్త లైన్‌మన్ను అడిగాను. చుక్క సంగతికి, ఫోన్‌లో పాత లెక్క మిగిలిపోయి చూపిస్తుంది, అప్పుడప్పుడు అట్లా అవుతుందన్నాడు. అయ్యుండొచ్చు. మరి పాత రాత వాటంతట అవి ఎలా ఎక్కించుకున్నాయంటే, ఎక్కించుకోవు, ఎవరో ఒకరు చేతితో చేయాలి అన్నాడు. ఎవరు చేశారంటే, నేనైతే చేయలేదన్నాడు. మంగ్లీ ఇచ్చిన అడాప్టర్‌ను తెచ్చి చచ్చిన డబ్బాకు గుచ్చి చూశాను. ఒక రోజంతా ఉంచాను. వెలగలేదు.

పన్నెండు రోజుల పాటు, లేని డబ్బా ఒకటి మా ఇంట్లో నిలబడి గంపలు అందించింది. ఎలాగో నేను చెప్పలేను. అది నన్ను నిలదీయడానికి వచ్చిందో, చెప్పడానికి నాకు ఇంకొన్నాళ్లు గడువు ఇవ్వడానికి వచ్చిందో కూడా తెలియదు. మా ఆయన క్షమించడానికి వచ్చిందంటాడు. ఆ మాట ఆయన నోట సులువుగా వస్తుంది. నా దగ్గర మాత్రం ఆగిపోతుంది.

ఇప్పటికీ రోజూ దీపం పెడతాను. దండం పెట్టేటప్పుడు మొదటి పేరు సక్రుది. ఐదు నెలలు ఆలస్యంగా.

మీ ఇంటి గోడ మీద ఏదో ఒక డబ్బా లైటు వెలుగుతూ ఉంటుంది. దాన్ని చూసినప్పుడు ఒక్కసారి, బానోతు సక్రు అని ఒక లైన్‌మన్ ఉండేవాడని, అతని చేతిలో ఏ డబ్బా చెడిపోలేదని తలుచుకోండి. ఫోన్ నిండా చార్జింగ్ పెట్టుకుని చివరిదాకా ఎదురు చూశాడని తలుచుకోండి.